బడి మైదానాన్ని కళ్లం చేస్తున్నది మన రోటవేటరే



ఈసారి పోస్టులో వేరుశనగ ధర లేదు, బోరు గోల లేదు, ఇన్సూరెన్సు గోల లేదు. ఊళ్లో బడి వెనక ఉండే కబడ్డీ మైదానం గురించి రాస్తున్నా. "చేలకే దిక్కులేదు, ఈయనకి మైదానం ఎందుకప్పా" అనుకునేవాళ్లు ఉంటారు. అనుకోండి. కానీ ఆ మైదానం అట్ల రాయిలా బిగుసుకుపోవడానికి కారణం ఎవరో చెప్పేదాకా చదవండి. ట్రాక్టర్ ఉన్న మనమే కారణం. అందులో మొదటివాణ్ణి నేను.

మూడేళ్ల కిందట జాతర ముందు మా ఊరి పిల్లోళ్లు ఇంటికొచ్చారు. "పెదనాయనా, కబడ్డీ పోటీలు పెట్టినాం. మైదానం బండలా ఉండాది. పడితే మోకాళ్లు చెక్కుకుపోతాండాయి. ఒకసారి రోటవేటర్ తోలు" అన్నారు. డీజిల్ డబ్బులు కూడా ఇస్తామన్నారు. వద్దన్నా. బడికి చేసే పని, పుణ్యం అనుకున్నా. పోయి రెండు చాళ్లు నిలువు, రెండు చాళ్లు అడ్డం తోలి వచ్చినా. మట్టి పిండిలా అయింది. పిల్లోళ్లు అందులో పల్టీలు కొట్టారు. ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. "మా ఊరి రైతు సేవ" అని దండం బొమ్మలు కూడా పెట్టారు. నాకూ రోంత గర్వమే అయింది, అబద్ధం ఎందుకు.

పోటీల రెండో రోజు, మా చిన్నాయన మనవడు కూతకు పోయినాడు. పదిహేడేళ్లు. మంచి ఆటగాడు. పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో పోవాలని వాడి ఆశ. పట్టుకోవడానికి వచ్చినవాణ్ణి తప్పించుకోవడానికి కుడికి తిరిగినాడు. ఒళ్లు తిరిగింది, కాలు తిరగలేదు. పాదం చీలమండ దాకా మట్టిలో ఇరుక్కుపోయి ఉండాది. మోకాలిలో నరం తెగింది అనుకున్నాం. డాక్టరు లిగమెంట్ అన్నాడు. ఆపరేషన్ అయింది. వాళ్ల నాయన రెండు ఎకరాలు చేసుకునే మనిషి, అప్పు చేసినాడు. పిల్లోడు ఇప్పుడు నడుస్తాడు, బండి తోలుతాడు. కబడ్డీ ఆడడు. పోటీలు జరిగితే ముగ్గుపిండితో గీతలు గీస్తాడు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. "ఆటలో దెబ్బలు మామూలే" అన్నారు. నేను మాత్రం ఆ సాయంత్రం పోయి ఆ చోట చెయ్యి పెట్టి చూసినా. పైన ఐదంగుళాలు మైదాపిండి. దాని కింద పెచ్చు, గడ్డపారకు కూడా దిగనంత గట్టి. పిండి మీద అడుగు వేస్తే కూరుకుపోతుంది, కింద పెచ్చుకు తగిలి ఆగిపోతుంది. అక్కడి నుంచి కాలు తిరగదు. ఆ పిండినీ ఆ పెచ్చునూ తయారు చేసింది నా బండే.

అంతటితో అయిపోలేదు. జూన్‌లో రెండు వానలు పడ్డాయి. పిల్లోళ్లు తొక్కారు. ఎండ కాసింది. దసరాకి మైదానం ముందుకంటే గట్టిగా తయారైంది. మళ్లీ పిలిచారు, ఇంకో రైతు పోయి తోలినాడు. మరుసటి ఏడు ఇంకా గట్టి. మూడో సారి రోటవేటర్ పైపైన ఎగురుతూ పోయింది, బ్లేడు విరిగింది. అప్పుడు కూడా మనవాళ్లు ఏమన్నారో తెలుసా? "ఇంకా పెద్ద రోటవేటర్ కావాలి" అన్నారు.

ఇక్కడ నాకు కోపం వస్తుంది. ఎవరి మీదో కాదు, మన మీదే.

అన్నా, కళ్లం ఎట్ల చేస్తాం? మన నాయన, తాత చేసింది చూసినాం కదా. నేల గీకి చదును చేస్తాం. గడ్డలు పగలగొట్టి మెత్తగా పొడి చేస్తాం. నీళ్లు చల్లుతాం. రాతి గుండు తిప్పుతాం, లేదంటే ఎద్దుల్ని తొక్కిస్తాం. పైన పేడ అలుకుతాం. ఆరితే బండ. ధాన్యం గింజ కూడా లోపలికి దిగదు.

ఇప్పుడు బడి మైదానంలో మనం చేస్తున్నది చూడండి. రోటవేటర్‌తో మట్టిని పొడి చేస్తాం. వాన నీళ్లు చల్లుతుంది. వంద మంది పిల్లోళ్లు తొక్కుతారు. ఒక్క పేడ అలకడం తప్ప మిగతా కళ్లం పనంతా చేసి పెట్టి, "నేల ఎందుకు గట్టిపడిందో అర్థం కావడంలేదు" అంటాం! కళ్లం చేసే విధానం మనకు వందేళ్లుగా తెలుసు. అదే పని ప్రతి ఏడూ బడిలో చేస్తూ ఏమీ తెలియనట్టు మాట్లాడతాం.

మన ఎర్రనేలల గుణం కూడా అంతే. వేరుశనగ వేసినాక ఒక్క పెద్ద వాన కొట్టి, వెంటనే ఎండ కాస్తే ఏమవుతుంది? పైన పెంకు కడుతుంది. మొలక పైకి రాలేక పెంకు కింద వంగిపోతుంది. ఇసుక రేణువుల మధ్య సన్నటి మట్టి చేరి, ఆరినాక సిమెంటులా పట్టుకోవడం వల్ల ఆ పెంకు వస్తుంది. మట్టి ఎంత పొడి అయితే అంత పెంకు. సహజంగా నేలలో చిన్న చిన్న గుళికలు ఉంటాయి, వాటి మధ్య గాలి, నీళ్లు ఉంటాయి. నిమిషానికి 200 చుట్లు తిరిగే బ్లేడ్లు ఆ గుళికలను పిండి చేస్తాయి. దానికి తోడు రెండు టన్నుల ట్రాక్టర్, దాని వెనక నాలుగైదు క్వింటాళ్ల రోటవేటర్. పైన పిండి, కింద అదుము. చేలో కూడా ఇదే జరుగుతోంది, కానీ అక్కడ వేరు, పురుగు, ఎరువు కలిసి కొంతన్నా బాగు చేస్తాయి. మైదానంలో వేరూ లేదు, ఎరువూ లేదు. మనం పాడు చేసింది పాడు చేసినట్టే ఉంటుంది.

ఇంక ఒక చిన్న సంగతి. నాకు ఈ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందంటే, మా అక్క కొడుకు నుంచి. వాడు అమెరికాలో డాలస్ పక్కన ఉంటాడు. వాడి కూతురు సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. బేస్‌బాల్ లాంటి ఆటే, ఆడపిల్లలు ఎక్కువ ఆడతారు. బేస్‌బాల్ అంటే, బ్యాటుతో బంతి కొట్టి చదరంగా ఉన్న నాలుగు మూలలూ పరిగెత్తి చుట్టి రావాలి. పెద్దవాళ్ల ఆటలో మూలకీ మూలకీ మధ్య 90 అడుగులు, చిన్న పిల్లోళ్లకు 60 అడుగులు. ఆ పరుగెత్తే జాగాలో గడ్డి ఉండదు, ఒట్టి మట్టి. దాన్ని ఇన్‌ఫీల్డ్ అంటారు. మూలను అందుకోవడానికి పరుగు మీద వచ్చి తొడ మీద, పొట్ట మీద సర్రున జారతారు. మన కబడ్డీలో గీత అందుకోవడానికి పడ్డట్టే. అంటే వాళ్లకూ మట్టి రాయిలా ఉంటే తోలు ఊడుతుంది, పిండిలా ఉంటే కాలు మడత పడుతుంది. మధ్యలో గడ్డ ఉంటే దొర్లే బంతి ఎగిరి మొహాన కొడుతుంది.

ఒకరోజు వీడియో కాల్‌లో మాట్లాడుతూ మా మైదానం కథ చెప్పినా. వాడు ఫోన్ తిప్పి వాళ్ల పార్కులో ఇన్‌ఫీల్డ్ చూసుకునే మనిషి చేసే పని చూపించినాడు. నేను పెద్ద పెద్ద మిషన్లు ఉంటాయి అనుకున్నా. ఏముండాది? ఒక చిన్న బండి. దాని వెనక ఒక చట్రం, చట్రం కింద వరుసగా మేకులు దిగ్గొట్టిన చెక్క. దాన్ని నెయిల్ డ్రాగ్ అంటారంట. నాకు నవ్వొచ్చింది. మన దంతె లాంటిదే కదప్పా! దాని వెనక ఒక ఇనుప వల చాప లాగుతున్నాడు. అది మన మాను తోలినట్టే. లోతు ఎంత అని అడిగితే, పావు అంగుళం నుంచి అర అంగుళం అన్నాడు. బాగా బిగుసుకుంటే అంగుళం. ఐదంగుళాలు తవ్వితే ఆ మనిషి ఉద్యోగం పోతుంది అన్నాడు మావాడు.

"మరి గట్టిపడితే?" అన్నా. "మామా, ముందు నీళ్లు. మేకులు తర్వాత. నేలలో తగినంత తేమ లేకపోతే ఈయన అసలు పనిముట్టు దించడు" అన్నాడు.

నేను కాసేపు మాట్లాడలేదు. పదును! మనం పుట్టినప్పటి నుంచి వింటున్న మాట. చేలో పదును లేకుండా గొర్రు దించుతామా? దించం. ఎక్కువ తడిగా ఉంటే ముద్ద అవుతుంది, ఎండిపోయి ఉంటే గడ్డలు లేస్తాయి, రెండు రోజులు ఆగుతాం. పక్కవాడు తొందరపడి దించితే "పదును చూడకుండా దున్నినాడు, వెర్రోడు" అని నవ్వుతాం. అదే బడి మైదానం అనేసరికి మార్చి ఎండలో, చుక్క తేమ లేని నేల మీద రోటవేటర్ దించినా నేను. ముప్పై ఏళ్ల సేద్యం ఆ గేటు బయటే వదిలేసి లోపలికి పోయినా.

నేను చెప్పదలచుకున్నది ఇదే. గట్టిపడ్డ మైదానానికి ఏ పనిముట్టు అని అడగకముందు, ఏ పదునులో అని అడగాలి. పదును ఉంటే మేకుల చెక్క చాలు. పదును లేకపోతే లక్ష రూపాయల రోటవేటర్ కూడా చెరుపే చేస్తుంది.

ఇప్పుడు మీరు అంటారు, "అమెరికా వాళ్లకు డబ్బులుండాయి, మట్టి కూడా కొనుక్కుంటారు." నిజమే. డాలస్ చుట్టూ ఉన్నది మన రేగడి లాంటి నల్ల బంకనేల. వానకు ఉబ్బి ఎండకు పగిలేది. దాని మీద ఆట సాగదని ఇసుక, బంకమట్టి లెక్క ప్రకారం కలిపిన మట్టి తెప్పించి పోస్తారు. ఇన్‌ఫీల్డ్ మట్టిలో నూటికి 60 నుంచి 70 పాళ్లు ఇసుక, మిగతా సన్నమట్టి, బంక. మరి మన ఎర్రనేల చూడండి. చాలాచోట్ల ఇసుకపాలు ఎక్కువ ఉన్న నేలే. వాళ్లు కొనుక్కునేదానికి దగ్గరగా ఉండేది మనకు దేవుడు ఉత్తపుణ్యానికే ఇచ్చినాడు. మనం దాన్ని కాపాడుకోలేక, పైన చెరువు మట్టి తోలి చెడగొడతాం. ఇది కూడా చూసినా. ఒక ఊళ్లో "మెత్తగా ఉంటుంది" అని మైదానానికి ఇరవై ట్రాక్టర్ల చెరువు పూడిక తోలారు. చేలకు బంగారం లాంటిది ఆ మట్టి. ఆటకు విషం. వానకు జారుడు, ఎండకు పగుళ్లు. పగులులో బొటనవేలు ఇరుక్కుంటే చూసుకోండి.

మీ మైదానం మట్టి ఏందో తెలియాలంటే ల్యాబు అక్కరలేదు. ఒక గాజు సీసాలో సగం దాకా మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా కుదిపి పక్కన పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరేది ఇసుక. కొన్ని గంటల్లో దాని మీద కూర్చునేది సన్నమట్టి. మరుసటి రోజు దాకా నీళ్లను మసకగా ఉంచేది బంక. పొరల మందం చూస్తే కళ్లకే తెలుస్తుంది. సగానికంటే ఎక్కువ ఇసుక ఉంటే మీకు కావాల్సింది నీళ్లు, మేకుల చెక్క. అంతే.

ఇక పనిముట్ల సంగతికి వస్తా. నేలను బట్టి మూడు రకాలు.

మొదటిది, పైన అంగుళం లోపలే పెంకు కట్టి, కింద బాగానే ఉన్న నేల. ఎక్కువ మైదానాలు మొదట ఇట్లే ఉంటాయి. దీనికి మేకుల చెక్క. ఐదడుగుల గట్టి చెక్క గానీ ఇనుప యాంగిల్ గానీ తీసుకోండి. రెండంగుళాలకొకటి చొప్పున, ఒక వరుస సందులో ఇంకో వరుస వచ్చేటట్టు, రెండు మూడు వరుసల పళ్లు పెట్టించండి. నేనైతే మేకులు వద్దంటా. మేకు వదులై నేలలో పడితే పిల్లోడి పాదంలో దిగుతుంది. వెల్డింగ్ షాపులో కడ్డీ ముక్కలు కోసి యాంగిల్‌కు అతికించుకోండి. పళ్లు రోంత వెనక్కి వాలి ఉంటే తవ్వకుండా గీరుతూ పోతాయి. ఇంకా లోతు కావాలంటే పైన ఒక రాయి పెట్టండి. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయినాక ఒకసారి పళ్లు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే అది దొరికేదాకా ఆట లేదు.

రెండోది, లోపల రెండు మూడు అంగుళాల దాకా బిగుసుకుపోయిన నేల. మా ఊరిది ఇదే. దీనికి గొర్రు. ఎద్దుల గొర్రు దొరికితే అదే మేలు. ట్రాక్టర్ గొర్రే దిక్కు అయితే, ముందు రెండు సాయంత్రాలు నీళ్లు పెట్టి, పదును వచ్చినాకనే దించండి. మూడంగుళాలకు మించి దిగకుండా హైడ్రాలిక్ మీద పట్టుకోండి. చిన్న గేరు. ఒకసారి నిలువు, ఒకసారి అడ్డం, అంతే. ఆడే జాగాలో మలుపు తిప్పొద్దు, చక్రం తిరిగిన చోటే మొదట బిగుస్తుంది. అయినాక మాను తోలి చదును చేసి, తేలికపాటి రోలర్‌తో ఒకటి రెండుసార్లు తిప్పి అణచండి. రోడ్డు రోలర్ మాట ఎత్తొద్దు. పైన అంగుళం గుల్లగా, కింద అడుగు పట్టేటంత గట్టిగా ఉండాలి. ఆట మైదానం రహస్యం అంతా ఇంతే. మెత్తదనం పైన పొరలో ఉండాలి, కింద కాలికి పట్టు దొరకాలి.

మూడోది, మట్టే చెడిపోయిన నేల. చెరువు మట్టి తోలినవి, బంక ఎక్కువైనవి. ఇక్కడ మాత్రం రోటవేటర్‌కు పని ఉంది, ఒప్పుకుంటా. ఇసుక తోలి, లేదంటే వరి ఊక, రంపపు పొట్టు లాంటివి వేసి, నాలుగంగుళాల దాకా కలపాలంటే రోటవేటర్ అంత బాగా కలిపే పనిముట్టు లేదు. అమెరికాలో కూడా కొత్త మట్టి కలిపేటప్పుడు దాన్నే వాడతారు. కానీ ఒక్కసారి. కలిపినాక చదును చేసి, నీళ్లు పెట్టి, రోలర్ తిప్పి, కుదురుకోవడానికి కొన్ని వారాలు వదలాలి. పోటీల ముందు రోజు చేసే పని కాదు అది. ఇసుక కూడా గుప్పెడు చల్లితే లాభం లేదు. సీసాలో సగం దాటేదాకా కలవాలి.

పవర్ వీడర్ తేలిక కదా అని కొందరు అంటున్నారు. దాని బ్లేడ్లు కూడా గిరగిర తిరిగి పొడి చేసేవే. చిన్నదైనా రోటవేటరే. డిస్కులు కూడా వద్దు, మట్టిని పక్కకు విసిరి మధ్యలో పల్లం చేస్తాయి.

నీళ్ల లెక్క చెబుతా. పెద్దవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. అంటే 130 చదరపు మీటర్లు, మన లెక్కలో మూడు సెంట్ల పైన. చుట్టూ మూడు మీటర్లు వదిలితే 19 ఇంటూ 16, మొత్తం 304 చదరపు మీటర్లు. ఏడున్నర సెంట్లు! ఏడున్నర సెంట్లకు 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ తీసుకుపోయిన మన తెలివిని ఏమనాలి? చదరపు మీటరుకు ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడ్డట్టు. పైన రెండంగుళాలు తడవడానికి సుమారు పది మిల్లీమీటర్లు. అంటే మూడు వేల లీటర్లు. ఒక ట్యాంకర్ నీళ్లు. సాయంత్రం చల్లండి, ఒకేసారి గుమ్మరించకుండా రెండు మూడు విడతలుగా. పొద్దున పిడికెడు మట్టి తీసి పిసకండి. ముద్ద కట్టి, వేలితో నొక్కితే విచ్చిపోవాలి. అరచేతికి అంటుకుంటే ఇంకా ఆగండి. ముద్దే కట్టకపోతే ఇంకోసారి నీళ్లు. ఈ పరీక్ష మీకు నేను చెప్పాలా? జొన్న వేసేటప్పుడు మీరు చేసేదే.

ఇంక రోజువారీ పని. ఏడాదికోసారి పెద్ద పని చేసి వదిలేయడం మన జబ్బు. బేస్‌బాల్ వాళ్లు పెద్ద మ్యాచ్‌లలో అయితే ఆట మధ్యలో కూడా ఒకసారి చాప లాగి చదును చేస్తారు. మనం అంత చేయక్కరలేదు. సాధన అయిపోయినాక ఇద్దరు పిల్లోళ్లు మేకుల చెక్కకు తాడు కట్టి పది నిమిషాలు లాగితే చాలు. వెనక చైన్‌లింక్ కంచె ముక్క కట్టుకుంటే చదును కూడా అయిపోతుంది. విత్తనం కప్పడానికి లాగే కంప మాత్రం వద్దు స్వామీ, ముళ్లు రాలతాయి. ఒకరోజు నిలువు, ఒకరోజు అడ్డం, ఒకరోజు గుండ్రంగా లాగండి. ఎప్పుడూ ఒకే చోట బయటికి రావొద్దు, ప్రతిసారి అక్కడే మట్టి కుప్ప పడుతుంది. అంచుకు అడుగు దూరంలోనే ఆగండి. అంచు దాకా లాగితే నెమ్మదిగా చుట్టూ గట్టు లేచి, మధ్యలో కుంట అవుతుంది. ఒక వాన పడితే నీళ్లు పోవు. పది మీటర్లకు ఐదారు సెంటీమీటర్ల వాలు ఒక పక్కకు ఉండాలి. వరి మడి గట్టు, వాలు చూసే కళ్లు మనవి, ఇది మనకు పెద్ద పనా?

"మ్యాట్ కొంటే పోదా, టీవీలో అందరూ మ్యాట్ మీదే ఆడుతున్నారు కదా" అని ఒక తమ్ముడు అడిగినాడు. కొనగలిగితే కొనండి, మంచిదే. కానీ దాచే గది, ఎండకు వానకు కాపలా, రోజూ పరిచి తీసే మనిషి కావాలి. అవన్నీ ఉన్న బడి మన మండలంలో ఎక్కడుందో చూపించండి. మ్యాట్ వచ్చేదాకా పిల్లోళ్లు మట్టి మీదే పడతారు. ఆ మట్టి సంగతి చూడాల్సింది మట్టి తెలిసిన మనం.

"ఇది బడి వాళ్ల పని కదా" అనేవాళ్లకు ఒకటే మాట. పి.ఇ.టి. సారుకు ఆట తెలుసు. మట్టి తెలియదు. ఆయన మనల్ని నమ్మి పిలిచినాడు. తెలిసినవాడని పిలిస్తే, తెలిసింది వాడకుండా బండి తోలి వచ్చినాం. అది ఆయన తప్పా?

పోయిన ఏడు మా ఊళ్లో ఈ పని మొదలుపెట్టినాం. ఒక ట్యాంకర్ నీళ్లు, రెండు రోజులు ఆగడం, ఒకసారి ఎద్దుల గొర్రు, మాను, తర్వాత రోజూ మేకుల చెక్క. ఎద్దులు ఊరు మొత్తానికి ఒకే జత మిగిలింది, అదీ అడిగి తెచ్చినాం. మొదటి నెల పిల్లోళ్లు విసుక్కున్నారు, "రోటవేటర్ అంత మెత్తగా లేదు" అన్నారు. నిజమే, లేదు. ఉండకూడదు. ఇప్పుడు పడితే తోలు ఊడటంలేదు, తిరిగితే కాలు తిరుగుతోంది. మధ్యలో రెండు చోట్ల పాత పెచ్చు ఇంకా ఉంది, మూడేళ్లు చేసిన పాపం ఒక్క ఏడాదిలో పోదు. చెక్క లాగే పని ఎవరు చూసుకుంటున్నారంటే, మా చిన్నాయన మనవడే. పొద్దున్నే వచ్చి పిడికెడు మట్టి పిసికి చూసి, "ఈరోజు వద్దు, పదును లేదు" అని వాడు అంటే ఎవరూ ఎదురు చెప్పరు. నేను కూడా.

ఉగాదికి, జాతరలకు పోటీలు పెడతారు. మీ ఇంటికి కూడా పిల్లోళ్లు వస్తారు, "అన్నా, ఒకసారి రోటవేటర్" అని. తాళం తీసి బండెక్కొద్దు. నడిచి పోయి బైకు తాళం చెవి నేలలో గుచ్చి చూడండి. దిగకపోతే మొదట పిలవాల్సింది నీళ్ల ట్యాంకర్‌ను.

తిట్టాలనుకుంటే కింద తిట్టండి, చదువుతా. కానీ మీ ఊరి మైదానం ఒకసారి చూసి వచ్చి తిట్టండి.